శోకము - హృదయము



శ్రీరాముడు అరణ్యమునకు వెడలిన ఆరవ రాత్రి దశరథ మహారాజు దేహము చాలించినాడు. ఈ ఘట్టము వచ్చినప్పుడల్లా మనము కన్నీరు పెట్టుకుంటాము. పుత్రశోకముతో పోయినాడని, ముని శాపము ఫలించినదని చెప్పుకొని ముందుకు సాగుతాము. కాని వాల్మీకి మహర్షి ఆ రాత్రిని ఎంత నిశితముగా చూచినారో గమనించండి. కన్నులు కానరావడము లేదని, జ్ఞాపకము తప్పుచున్నదని రాజు స్వయముగా చెప్పినాడు. నూనె తరిగిన దీపమువలె ఇంద్రియములన్నీ ఆరిపోవుచున్నవన్నాడు. అర్ధరాత్రి ప్రాణము పోయినది. సమీపముననే ఉన్న కౌసల్యా సుమిత్రలు దుఃఖముతో అలసి నిద్రలో ఉన్నారు. తెల్లవారి మేలుకొలుపులయిన తరువాత గాని సంగతి ఎవరికీ తెలియలేదు.

శోకము కేవలము మనస్సునకు సంబంధించినదని, దానికి శరీరముతో పని లేదని అనుకొనేవారికి ఈ ఘట్టమే సమాధానము.

ఈనాటి వైద్యులు దీనికి దగ్గరి రోగము నొకదానిని గుర్తించినారు. 1990లో జపాను దేశపు హిరోషిమా వైద్యులు దానికి 'టాకోట్సుబో' అని పేరు పెట్టినారు. ఆ దేశపు జాలరులు ఆక్టోపస్‌ను పట్టడానికి సముద్రములో దింపే కుండ పేరు అది. మెడ సన్నము, అడుగు గుండ్రము. గట్టి దెబ్బ మనస్సుకు తగిలినప్పుడు దేహములో అడ్రినలిన్ వంటి రసములు ఒక్కసారిగా ఉప్పొంగుతాయి. ఆ ధాటికి గుండె ఎడమ జఠరిక కొన పనిచేయడము మాని, ఆ కుండవలె ఉబ్బుతుంది. రక్తనాళములలో అడ్డు ఉండదు, అయినా గుండెకు బలము చాలదు. పదిమంది రోగులలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే, వారిలోనూ అధికులు యాభై దాటినవారు. శోకమే కాదు, భయము, పెద్ద జబ్బు, శస్త్రచికిత్స, అరుదుగా పట్టరాని సంతోషము కూడా కారణము కావచ్చును. 2004లో జపానులోని నీగాతా ప్రాంతములో భూకంపము వచ్చినప్పుడు ఈ రోగులు ఎక్కువైనారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును, 2020 మే 7న వెంకటాపురము విషవాయువును చూచిన మన విశాఖవాసులకు అటువంటి దెబ్బ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన ఇళ్ళలో జరిగేది చూడండి. ఇంటి యజమాని పోయిన మూడవనాడో పదవనాడో ఆ ఇల్లాలు గుండె పట్టుకొని కూలబడుతుంది. ఆయాసము, చెమట. "ఏడ్చి ఏడ్చి అలా అయినది" అంటారు ఒకరు. "తిండి లేక వాయువు చేసినది, వాము నమిలించండి" అంటారు మరొకరు. అన్నిటికన్నా ఘోరమైన మాట, మైలలో ఉన్న ఆడది గడప దాటరాదన్నది. ప్రాణము మీదికి వచ్చినప్పుడు ఆపద్ధర్మము ఉన్నది కదా! ప్రాణము నిలుపుకొన్న తరువాతనే తక్కిన నియమములు. ఆమెను దాచి ఉంచేది ఆచారము కాదు, అజ్ఞానము. వెంటనే 108కి ఫోను చేయండి, లేదా దగ్గరి పెద్ద ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. ఇది టాకోట్సుబోయా, మామూలు గుండెపోటా అన్నది ఇంట్లో ఎవరూ తేల్చలేరు. ఇ.సి.జి., రక్తపరీక్ష కూడా రెండింటిలోనూ ఒకే తీరుగా ఉండవచ్చును. ఆంజియోగ్రామ్, ఎకో చూచిన తరువాత గాని వైద్యులే నిర్ణయించలేరు.

రక్తనాళములు బాగున్నవని తేలగానే ఇంకొక ప్రమాదము మొదలవుతుంది. "అడ్డేమీ లేదట, అంతా మనస్సులోనే" అని చుట్టాలు తేల్చివేస్తారు. గీతలో శ్రీకృష్ణుడు హృదయదౌర్బల్యమును విడువమన్నాడు కదా అని ఉపదేశము కూడా చేస్తారు. ఆ మాట రణరంగములో నిలిచిన మహావీరునికి చెప్పినది, ఆసుపత్రి మంచము మీది తల్లికి కాదు. పైగా భగవానుడు ఆ ఒక్క మందలింపుతో ఊరుకోలేదు. అర్జునుని వణుకును, నోరెండుటను చూచినవాడు, అతని ప్రశ్నలన్నీ విని, పదునెనిమిదవ అధ్యాయము వరకు ఓపికగా మాట్లాడినాడు. మన చుట్టాలలో ఆ ఓపిక ఎందరికి ఉన్నది? కౌసల్యాదేవి కూడా దుఃఖములో దశరథుని పరుషముగా నిందించినది. ఆయన చేతులు జోడించగానే తల్లడిల్లి క్షమాపణ వేడినది.

ఈ రోగములో ధైర్యమిచ్చే సంగతి ఒకటి ఉన్నది. తొలి రోజులు గడిస్తే, చాలామందిలో గుండె కొన్ని వారములలో తిరిగి తన ఆకృతికి వస్తుంది. ఆ తొలి రోజులు మాత్రము తేలికవి కావు. ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును, గుండె లయ తప్పవచ్చును, కొందరు మరణిస్తారు కూడా. కోలుకున్నవారికి మళ్ళీ రావడమూ ఉన్నది. కనుక మందులు వైద్యులు చెప్పినన్నాళ్ళు వాడవలెను. ఏకాదశి అని మాత్ర మానరాదు. జపము చేయండి, మంచిదే. అది మందుకు తోడు, బదులు కాదు. ఉక్కు కర్మాగారములో సి షిఫ్టుకు వెళ్ళే కొడుకు ఉన్న ఇంట, ఆ రాత్రి తల్లి గదిలో ఎవరు పడుకుంటారో ముందే అనుకోండి. దశరథుని గదిలో మనుషులు లేక కాదు, మేలుకొని చూచేవారు లేక ఆ రాత్రి అలా గడిచినది.

సింహాద్రి అప్పన్న ఉగ్రము చల్లారడానికి చందనము ఒక్కనాడే అంతా పూయరు. అక్షయ తృతీయ నిజరూప దర్శనము తరువాత మూడు మణుగులు, మళ్ళీ వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు అంతంత. దేవునికే రెండు నెలలకు పైగా పడుతున్నది. పదకొండవ రోజు దాటగానే "ఇక లే, పనులు చూచుకో" అని ఆ తల్లిని తొందరపెట్టడము మాకు న్యాయముగా తోచదు.

ఆషాఢములో గిరిప్రదక్షిణ వస్తున్నది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సుమారు 32 కిలోమీటర్లు నడవడము మన ప్రాంతపు మొక్కు. ఈ ఏడు గుండె జబ్బు నుండి లేచినవారు వైద్యుని అనుమతి లేనిదే నడకకు రావద్దని, మెట్లు ఎక్కవద్దని కోరుతున్నాము. కొండ మీదికి బస్సులు ఉన్నవి. ఆ మొక్కు వారి తరఫున బిడ్డలు తీర్చవచ్చును.