పట్టుపురుగుల యింట చిన్న యంత్రము

మొగిలి కనుమ కెగువనున్న మన పలమనేరు సీమలో మల్బరీ తోటలు పెట్టి పట్టుపురుగులను సాకు కుటుంబములు చాల గలవు. గ్రుడ్డు పగిలినది మొదలు రెండవ జ్వరము దాటువరకు, అనగా చాకీ దశలో, పురుగునకు 26 నుండి 28 డిగ్రీల వేడిమియు, నూటికి 80 నుండి 90 వంతుల తేమయు కావలెను. మార్గశిర మాసపు రాత్రులలో మన యూళ్ల చలి యెట్టిదో మీకు నేను చెప్ప నక్కరలేదు.

ఇంజనీరింగు చదువుచున్న మన పిల్లలలో కొందరు ఇందుకై చిన్న యంత్రములను చేసి యింటికి తెచ్చుచున్నారు. అందులో ముఖ్యమైనది మైక్రోకంట్రోలరను గోరంత గణకయంత్రము. వేడిమి తగ్గిన హీటరును వేయుమనియు, హెచ్చిన ఆర్పుమనియు దానికి ఆదేశములు వ్రాసి యుంతురు. ఆ యాదేశముల వరుసకు ప్రోగ్రామని పేరు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున పుట్టిన ఆర్డుయినో పలకలు ఈ పనిని విద్యార్థులకు సులభము చేసినవి.

అయితే ఆ యాదేశము లన్నియు పిల్లవాడు స్వయముగా వ్రాసినవి కావు, వ్రాయనక్కరయు లేదు. వేడిమిని, తేమను కొలుచు డి.హెచ్.టి. అను పరికరము తన కొలతను 40 సంకేతములుగా పంపును. సెకండును పదిలక్షల వంతులు చేసినచో, అందు 26 నుండి 28 వంతులసేపు నిలిచిన సంకేతము సున్న. 70 వంతులసేపు నిలిచినది ఒకటి. కడపటి యెనిమిది సంకేతములు ముందటివాని మొత్తమును సరిచూచుకొనుటకు. ఇంత సూక్ష్మమైన లెక్కను ఒకరు శ్రద్ధగా వ్రాసిపెట్టినచో తక్కినవారు వాడుకొనవచ్చును. అట్లు వ్రాసియుంచిన యాదేశముల మూటనే లైబ్రరీ యందురు. పుస్తకశాల కాదు సుమా! దానిని వాడు విధము తెలుపుటకు తోడుగా నుంచునది మచ్చు ప్రోగ్రాము. లిమోర్ ఫ్రీడ్ అను ఇంజనీరు 2005లో స్థాపించిన ఆడాఫ్రూట్ సంస్థవారి డి.హెచ్.టి. లైబ్రరీ యిట్టిది. రుసుము లేదు.

ఇది పంచాంగము వంటిది. గ్రహగణితము మనము చేయము. సిద్ధాంతిగారు చేసినదానిని చూచుకొందుము. కాని వేరొక యూరికి గణించిన పంచాంగమును మన యూరిలో వాడునప్పుడు సూర్యోదయమును సవరించుకొనమా? మచ్చు ప్రోగ్రామునకును ఆ సవరణ యావశ్యకము. పైని చెప్పిన మచ్చు, డి.హెచ్.టి. 22 అను తెల్లని పరికరమునకు సరిపడ వ్రాయబడినది. చౌకగా దొరకు నీలిరంగు డి.హెచ్.టి. 11ను తగిలించి, అందుకైన యొక్క పంక్తిని మార్చనిచో, 27 డిగ్రీలున్న గదిలో సుమారు 691 డిగ్రీలని చూపును. ఇంత పెద్ద తప్పు మేలేయని నా యభిప్రాయము. చూచినవా రెవరైన పట్టుకొందురు.

భయపడవలసినది వేరొకటి కలదు. తీగ వదులై కొలత రానప్పుడు ఆ లైబ్రరీ "సంఖ్య కాదు" అను గుర్తు నిచ్చును. దానిని కనిపెట్టి, కొలత చదువుట సాధ్యపడలేదని తెలుపు పంక్తులు మచ్చులోనే యున్నవి. పొడవు తగ్గించుటకని వానిని తీసివేసిన చిక్కు వచ్చును. ఆ గుర్తు 26 కన్న తక్కువా యని యంత్రము చూచుకొన్నను కాదనియే తేలును. 28 కన్న ఎక్కువా యని చూచుకొన్నను కాదనియే తేలును. ఇక హీటరు ముందెట్లున్న నట్లే యుండును. ఆరియున్నచో తెల్లవారువరకు ఆరియే యుండును. వెలుగుచున్నచో వెలుగుచునే యుండును. యంత్రము మాత్రము పలుకదు, ఇంటివారు నిద్రలో నుందురు.

లైబ్రరీ నిచ్చినవారు దీనిని ఉన్నదున్నట్లు ఇచ్చుచున్నామనియు, నష్టమునకు తాము బాధ్యులము కామనియు ముందే వ్రాసియుంచిరి. ఉచితముగా నిచ్చినవారి నింతకన్న నడుగరాదు. పూచీ మన యింటిదే.

కావున పిల్లవాడు యంత్రమును తెచ్చినప్పుడు, పరికరపు తీగ నూడదీసి యేమగునో చూపుమనుడు. గోడనున్న తడిపొడి థర్మామీటరును తీసివేయనీయకుడు. వారము దినములు రెండు కొలతలను ప్రక్కప్రక్కన వ్రాయించుడు. నీలిరంగు పరికరము రెండు డిగ్రీలు అటునిటుగా చెప్పవచ్చునని దాని పత్రములోనే యున్నది. 26కును 28కిని నడుమనున్నవి ఆ రెండే గదా. చాకీ గదికి తెల్లనిదే కొనిపించుడు.