ఏం కావాలో తేల్చుకోని పిల్లలకు ఏ చదువు?

(తాండూరులో రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కొనుగోలు కేంద్రాల గురించి ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నేను ఇంకో సంగతి ఎత్తుకుంటాను. ఇదీ రైతు సమస్యే. ఇంటర్ అయిపోయిన పిల్లగాడిని "ఏం చదువుతవురా" అని అడిగితే "తెల్వదు" అంటాడు. తండ్రికి కోపమొస్తది. వారం తిరక్కుండా ఎవరో చుట్టం చెప్పిండని, అడ్తి దగ్గర అప్పు తెచ్చి ఇంజనీరింగ్‌లో చేర్పిస్తాడు. ఆ అప్పు సంగతి మన సంఘం దాకా వచ్చేది మూడేళ్ళ తర్వాత.

పద్దెనిమిదేళ్ళ వయసులో తెల్వదు అనడం నేరమేం కాదు. వాడు దగ్గర్నుంచి చూసిన పనులెన్ని? పొలం, నాపరాతి గని, పాలిష్ యూనిట్, సిమెంటు ఫ్యాక్టరీ, బడి పంతులు, బ్యాంకు కౌంటరు. చూడని పనిని కావాలని ఎట్ల అడుగుతాడు?

ఒక లెక్క వేద్దాం. 2025-26కు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఫీజు, హాస్టలు, రాకపోకలు కలిపి ఏడాదికి లక్ష అనుకోండి. అంటే పన్నెండున్నర క్వింటాళ్ళ కంది. వాన మీద ఆధారపడ్డ చేనులో ఎకరానికి నాలుగు క్వింటాళ్ళు వస్తే మూడెకరాలకు పైగా పంట, పెట్టుబడి తీయకుండానే. అట్లా నాలుగేళ్ళు. పిల్లగాడికి ఇష్టముండి, చదవగలిగితే పెట్టండి, నేను వద్దనను. ఇష్టమో కాదో వాడికే తెలియనప్పుడు అంత అప్పు వాడి నెత్తిన పెట్టొద్దు. అప్పు ఉన్న పిల్లగాడు దారి మార్చుకోలేడు.

రేగడిలో మనం ఏం చేస్తాం? కంది సాళ్ళ మధ్య పెసరో మినుమో వేస్తాం, వాన ఎట్లుంటదో తెలియదు కాబట్టి. పెసర రెండు నెలలు దాటగానే చేతికొస్తది, కంది చలికాలం దాకా నిలబడుతది. తేల్చుకోని పిల్లలకు నేను చెప్పేదీ అదే. తక్కువ ఖర్చుతో, ఎక్కువ దారులు తెరిచి ఉంచే డిగ్రీ ఒకటి, దానితోపాటు కంప్యూటరో, ట్యాలీయో, ఇంగ్లీషు మాట్లాడటమో, చేతికి త్వరగా వచ్చేది ఒకటి.

దారులంటే ఏమిటో చెప్తాను. గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. లాసెట్ రాసి మూడేళ్ళ లా చదవడానికీ అంతే. కానీ లెక్కల టీచరు కావాలంటే డిగ్రీలో లెక్కలు చదివి ఉండాలి. ఎంపీసీ చదివిన పిల్ల రేపు మనసు మారితే బీఏకో బీకామ్‌కో పోవచ్చు. సీఈసీ చదివిన పిల్ల ఫిజిక్స్ బీఎస్సీకి రాలేదు. అందుకని లెక్కల్లో, సైన్సులో గట్టిగా ఉన్న పిల్లలు ఊరికే వాటిని వదిలేయొద్దు. లెక్కలంటే భయపడే పిల్లలను మాత్రం పరువు కోసం అందులో కూర్చోబెట్టకండి. ఫెయిలైన ఎంపీసీ కన్నా పాసైన బీఏ వెయ్యి రెట్లు నయం.

డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ ద్వారా ఇస్తున్నారు. మొదటి విడతలో రిజిస్ట్రేషన్‌కు 200 రూపాయలు, ఆలస్యం చేస్తే 400. ఆప్షన్లు ఎన్ని పెట్టినా అదనంగా కట్టేదేం లేదు. అయినా మీసేవ దగ్గర లైన్ ఉందని ఒకటో రెండో పెట్టి వచ్చేస్తారు. ఇంటి దగ్గర కూర్చుని కాగితం మీద వరుస రాసుకుని పోండి, ఆ వరుస పిల్లలే రాయాలి. చేరిన కాలేజీలోనే కోర్సు మార్చుకోవడానికి చివర్లో ఒక అవకాశం ఇస్తారు, దాని తేదీ కూడా కనిపెట్టి ఉండండి. ఇక ఆడపిల్లలు రోజూ రైలెక్కి పోవాలా, ఊరి బస్సు దొరుకుతదా అనేదాన్ని బట్టి డిగ్రీ చదువు సాగుతది, ఆగుతది. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న మాట. వ్యవసాయ విశ్వవిద్యాలయం బీఎస్సీ అగ్రికల్చర్ సీట్లలో 40 శాతం రైతు కోటా ఉంది. కనీసం ఎకరం భూమి ఉండి, మున్సిపాలిటీ కాని ఊళ్ళల్లో కనీసం నాలుగేళ్ళు చదివిన పిల్లలు అందులో సీటు అడగొచ్చు. మన కోసం పెట్టిన కోటా. కానీ దానికి ఇంటర్‌లో బైపీసీ చదివి ఎప్‌సెట్ రాయాలి. మన పిల్లలు పదో తరగతి అవ్వగానే అందరి వెంటా ఎంపీసీలో చేరుతున్నారు, ఆ తలుపు పదహారేళ్ళకే మూసుకుంటోంది. ఇంటర్ తర్వాత ఏం చదవాలన్న ప్రశ్నకు సగం జవాబు పదో తరగతి ఎండాకాలంలోనే రాసేస్తున్నామన్నమాట. పది తర్వాత పాలిసెట్ రాసి వ్యవసాయ డిప్లొమాలో చేరే దారి కూడా ఉంది. అక్కడి నుంచి అగ్రిసెట్ రాసి డిగ్రీకి పోవచ్చు.

"మట్టి పని మాతోనే ఆఖరు, పిల్లలకెందుకు" అని కొందరంటారు. వాళ్ళ బాధ నాకు అర్థమైతది. కానీ తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు కాపాడాలంటే విత్తనం తెలిసినవాళ్ళు, నాణ్యత పరీక్షించేవాళ్ళు, మార్కెట్ తెలిసినవాళ్ళు కావాలి. ఆ ఉద్యోగాలు దుక్కి దున్నడం కాదు. తాండూరులోనే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. తొమ్మిది, పది చదివే పిల్లలను ఒక రోజు అక్కడికి తీసుకుపోదామని సంఘానికి నా ప్రతిపాదన. అట్లాగే ఒక రోజు బ్యాంకుకు, ఒక రోజు కోర్టుకు. చూస్తేనే కదా అడుగుతారు.

సంఘం ఇంకోటి కూడా గట్టిగా అడగాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోతే, పైసలు కడితేనే సర్టిఫికెట్ ఇస్తామని కాలేజీలు పిల్లల మీద పడుతున్నాయి. సర్కారు బాకీకి రైతు పిల్లల కాగితాలు తాకట్టు పెట్టుకోవడం ఏం న్యాయం?

పది చదివే పిల్లలున్నవాళ్ళు ఈ నెలలోనే స్టడీ సర్టిఫికెట్లు, పట్టాదారు పాస్‌పుస్తకం, కుల, ఆదాయ పత్రాలు ఒక్క చోట పెట్టండి. కోటా నిబంధనలు ఏ ఏటికాయేడు నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. అది వచ్చిన రోజే సంఘం ఆఫీసు గోడకు అంటించాలని కార్యదర్శి గారిని కోరుతున్నాను.