కూతురు క్యాంపుకు పోతానంటే...



ఎన్.సి.సి. ఉన్న బడిలో మీ పాప చదువుతోంది అనుకోండి. ఒకరోజు ఒక కాగితం తెస్తుంది. "అమ్మా, పది రోజులు క్యాంపుకు పోవాల. సంతకం పెట్టు" అంటుంది. మీకు గుండె గుబేలుమంటుంది. "ఎదిగిన పిల్లను ఊరు దాటించేదా? పట్టాళంలోకి తీసుకుపోతారేమో!" అనుకుంటారు.

భయపడొద్దు. ఎన్.సి.సి. 1948లో మొదలైంది. 1949 నుంచే ఆడపిల్లలకూ చోటిచ్చారు. ఇందులో చేరినవాళ్ళు సైన్యంలో చేరి తీరాలన్న నిబంధన లేదు.

క్యాంపులో ఏం నేర్పుతారు? పిల్లలు తెల్లవారుజామున లేస్తారు. వ్యాయామం, కవాతు చేస్తారు. తుపాకితో గురి చూసి కాల్చడం నేర్చుకుంటారు. పటం చూసి దారి కనుక్కుంటారు. గాయానికి కట్టు కడతారు. అన్ని కులాల పిల్లలూ కలిసి తింటారు. తిండి ఖర్చు ప్రభుత్వానిదే.

మన అనంతపురం నేలలో వాన రాకుంటే శెనక్కాయ చేను ఎండిపోతుంది. నేర్చిన విద్య ఎండిపోదు. పుణె దగ్గర నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఉంది. సైనికాధికారులకు అక్కడ శిక్షణ ఇస్తారు. 2022లో అక్కడ తొలిసారి అమ్మాయిలు చేరారు. 2025లో 17 మంది శిక్షణ ముగించారు.

అయితే ఒక మాట. కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. క్యాంపు ఏ ఊళ్ళో? ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? వెంట పోయే టీచరమ్మ ఎవరు? అన్నీ చూడండి. పాపకు ఆయాసం, మూర్ఛ లాంటివి ఉంటే ముందే చెప్పండి.

వేలిముద్ర వేసిన రోజుల్లో కాగితంలో ఏముందో మీకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తుంది. చదవండి. అడగండి. నమ్మకం కుదిరితే మీ పేరు మీ చేత్తోనే రాయండి.