మన మాత్రలు మన కుక్కకు వద్దు

ద్వారకా నగర్‌లో మా మేడమెట్ల దగ్గర నేనూ, మా ముసలి కుక్కా ఒకే ఏడాది కుంటడం మొదలుపెట్టాం. నా గ్లూకోసమైన్ మాత్రలో సగం దానికి పెట్టబోతే పశువైద్యుడు వారించారు. కారణం, దానికి షుగరు ఉంది.

గ్లూకోసమైన్‌ను ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి తీస్తారు. అది చక్కెరకు దగ్గరి చుట్టం. 2010లో వెలువడిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న కుక్కలకు కాండ్రాయిటిన్‌తో కలిపి 21 రోజులు ఇచ్చి చూశారు. రక్తంలో చక్కెర తీరు తెలిపే ఫ్రక్టోసమైన్ మారలేదు. షుగరున్న కుక్కకు ఆ భరోసా చాలదు.

కొన్ని నమిలే మాత్రల్లో తీపికోసం జైలిటాల్ కలుపుతారు. మనకు హాని లేదుగాని, కుక్కకు చక్కెర అమాంతం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ప్రేమతోనైనా మన మందు పంచవద్దు. దాని బరువు అదుపులో ఉంచి, వైద్యుణ్ణి అడగండి.