కోళ్ళకు టీకా: బెదరనీయకుండా పట్టే పద్ధతి

(మోస్రాలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. చెరకును నమ్ముకున్న కుటుంబాలు వేరే ఆదాయం వెతుక్కోవలసి వచ్చింది. మన పిల్లలు కొందరు పంజరాలు లేకుండా వెయ్యి, రెండు వేల కోళ్ళు పెంచాలనుకుంటున్నారు. రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధనా సంస్థ వారి వనరాజా, గ్రామప్రియ రకాలు ఇందుకు అనువైనవి. అయితే పెట్టుబడి తరచు తండ్రిగారి గ్రాట్యుటీ సొమ్మే. పశుసంవర్ధక శాఖలో పనిచేసినవాడిగా అందుకే నాలుగు మాటలు చెబుతాను.

ఆ సొమ్ముకు మొదటి శత్రువు కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ వ్యాధి. సోకిన తరువాత మందు లేదు, ముందుగా వేసే టీకాయే రక్ష. 5-7 రోజుల పిల్లకు లాసోటా చుక్క కంట్లో గాని ముక్కులో గాని వేయాలి. 8-10 వారాలకు ఆర్-టు-బి టీకా అర మిల్లీలీటరు చర్మం కింద వేయాలి. చిన్న పిల్లలకు ఆర్-టు-బి పనికిరాదు.

టీకా నాడు కోళ్ళు చనిపోతే చాలామంది మందును నిందిస్తారు. తరచు లోపం పట్టడంలోనే ఉంటుంది. బెదిరిన కోళ్ళు మూలకు పరుగెత్తి ఒకదానిమీద ఒకటి పడతాయి, అడుగున పడ్డవి ఊపిరాడక చనిపోతాయి. మిగిలినవాటికి గుడ్లు తగ్గుతాయి, టీకా కూడా సరిగా పట్టదు.

కనుక పగటి ఎండలో తరమవద్దు. చీకటి పడి కోళ్ళు సర్దుకున్నాక మసక వెలుతురులో పట్టండి, చీకట్లో వాటికి చూపు ఆనదు. తడికెలు అడ్డుపెట్టి కొద్ది కొద్దిగా మళ్ళించండి. మూలలు గుండ్రంగా మూసివేయండి. ఒక మనిషి గుంపును కనిపెట్టుకునే ఉండాలి. రెండు రెక్కలు ఒంటికి అదిమి రెండు చేతులతో ఎత్తాలి. ఒక కాలు పట్టి లాగరాదు, తలకిందులుగా వేలాడదీయరాదు. టీకా అయినదాన్ని విసరకుండా తడికెకు అవతల నేలమీద నిలిపి వదలాలి.

మందును ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి. కలిపాక రెండు గంటల్లో వాడాలి, మిగిలితే దాచరాదు. జబ్బుగా ఉన్న కోళ్ళకు వేయరాదు. ముందూ వెనుకా రెండు మూడు రోజులు నీళ్ళలో విటమిన్లు ఇస్తే మంచిది. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. ఈ మందు మన కంట్లో పడితే కళ్ళు ఎర్రబడతాయి.

రాత్రిపూట కోళ్ళ వెంట పరుగెత్తే వయసు మనది కాదు. కానీ టీకా తేదీ, మందు సీసా మీది బ్యాచ్ నంబరు, కోళ్ళ సంఖ్య ఒక పుస్తకంలో రాసి ఉంచగలం. రిజిస్టరు రాయడం మనకు కొత్త కాదు గదా! తరువాతి టీకా ఎప్పుడో పశువైద్యుని అడిగి అందులోనే గుర్తు పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఈ ఒక్క పని చేస్తే పిల్లల శ్రమ, మన సొమ్ము రెండూ నిలుస్తాయి.