పగలు కోర్టు, రాత్రి రంగస్థలం



పగలు తమ పని తాము చూసుకుని, రాత్రి ముఖానికి రంగు పూసుకునేవాళ్లను ఔత్సాహిక నటులు అంటాం. తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శన మొదలైంది అలాంటివాళ్లతోనే.

అది 1880. రాజమహేంద్రవరం.   కందుకూరి వీరేశలింగం 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. వేషాలు కట్టింది ఆయన విద్యార్థులు. కథ ఏమిటంటారా? ప్లీడర్ల అక్రమాలు! అంటే, తొలి అడుగులోనే నాటకం ఊరి సంగతి మాట్లాడింది.

తర్వాత బళ్లారి. అక్కడ సరసవినోదినీ సభ అనే నాటక సమాజం నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ కూడా వకీలే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని ఆ రోజుల్లోనే గట్టిగా చెప్పిన మనిషి రాఘవ. ఎంత ధైర్యమో చూడండి!

ఈనాటికీ నాటక పరిషత్తు పోటీల్లో ఎక్కువగా కనిపించేది మాస్టార్లు, ఉద్యోగులు, రైతులే. ఆఫీసయ్యాక రిహార్సల్. సెట్టుకీ, మేకప్‌కీ చాలాసార్లు చేతి డబ్బే. వాళ్లకు కావలసింది ప్రేక్షకులు.

ఏప్రిల్ 16, వీరేశలింగం పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. అందాకా ఆగక్కర్లేదు. మీ ఊళ్లో నాటకం ఉందని తెలిస్తే ఇంటిల్లిపాదీ వెళ్లండి. చివరిదాకా కూర్చోండి. అయ్యాక తెర వెనక్కి వెళ్లి, బాగుంటే బాగుందని చెప్పండి. పిల్లల్ని మాత్రం తప్పక తీసుకెళ్లండి.