గల్లీలో కెమెరా సరే, ఠాణాలో కెమెరా మాట ఏమిటి?



పోలీసులు వద్దని చెప్పడానికి నేను నిలబడలేదు. ఇంట్లో దొంగలు పడినా, ఆడపిల్లను ఎవరైనా వేధించినా మనం వెళ్ళవలసింది ఠాణాకే. కానీ భద్రత పేరిట వెచ్చించే డబ్బు ఎవరిని కనిపెట్టి చూడడానికి ఖర్చవుతున్నదని అడిగే హక్కు పౌరులకున్నది.

హైదరాబాదులో ‘నేను సైతం’ కార్యక్రమం మీకు తెలిసినదే. పోలీసుల పిలుపు మేరకు కాలనీవాసులు, దుకాణదారులు సొంత డబ్బుతో వీధుల్లో కెమెరాలు పెట్టించారు. పౌరుణ్ణి చూసే కంటికి ఆ విధంగా డబ్బు దొరికింది. మరి పోలీసును చూసే కంటికి?

2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. ప్రతి పోలీసు స్టేషనులో ప్రవేశద్వారం మొదలు లాకప్ వరకు కెమెరాలుండాలి, మాటలు కూడా రికార్డు కావాలి, ఆ రికార్డును వీలైనంతవరకు 18 నెలలు, ఎట్టి పరిస్థితిలోనూ ఏడాదికి తగ్గకుండా భద్రపరచాలి, ప్రభుత్వాలు నిధులివ్వాలి అని ఆదేశించింది.

ఇది ఎందుకు ముఖ్యమో మెదక్ చెబుతుంది. అక్కడ గొలుసు దొంగతనం కేసులో, కెమెరా దృశ్యాలను బట్టి అనుమానించి, ఒక ముస్లిం దినకూలీని పోలీసులు పట్టుకున్నారు. తనను చిత్రహింసలు పెట్టారని చెప్పిన ఆ మనిషి 2023 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో మరణించాడు. హైకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టింది. బయటి కెమెరా అతణ్ణి ఠాణాకు చేర్చింది. లోపల ఏమి జరిగిందో సందేహం లేకుండా చెప్పవలసింది లోపలి కెమెరాయే.

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక ఒక మాట చెబుతాను. నినాదం మరునాటికి చల్లారుతుంది. ఫైలులో చేరిన కాగితానికి మాత్రం ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. సమాచార హక్కు చట్టం కింద రుసుము పది రూపాయలే, గడువు 30 రోజులు. మూడు ప్రశ్నలు అడగండి: మన ఠాణాలో ఎన్ని కెమెరాలున్నాయి? అన్నీ పనిచేస్తున్నాయా? రికార్డు ఎన్ని నెలలు ఉంచుతున్నారు?

నాలుగో ప్రశ్న కార్పొరేషనును అడగండి: మా గల్లీలో వెలగని దీపాలెన్ని, వాటికి కేటాయించిన సొమ్మెంత? రాత్రి పని ముగించుకుని నడిచి వచ్చే స్త్రీకి ఆ దీపమూ భద్రతే. చదువు మానేసిన కుర్రవాడికి పని నేర్పే కేంద్రమూ భద్రతే.

వచ్చే నెల సమావేశానికి ప్రతి బస్తీ నుంచి ఒక్క దరఖాస్తు రసీదు తీసుకురండి. చర్చ అక్కడి నుంచే మొదలుపెడదాం.